జోగారావు గారి తొమ్మిదో ఎత్తు

పేరయ్య మాస్టారికి ఒక అలవాటు ఉండేది. చదరంగం బల్ల దగ్గర ఎవరైనా పావుగంట మించి నోరు విప్పకుండా కూర్చుంటే, ఆయన లేచి మూలనున్న కూజా దగ్గరికి వెళ్ళి, స్టీలు గ్లాసులో నీళ్ళు వంపుకుని వచ్చి, ఆ మనిషి మోచేతి పక్కన పెట్టి నిలబడేవారు. నీళ్ళు తాగితే చాలదు, ఏదో ఒక మాట అనాలి. "చాలండి" అన్నా సరే, "అబ్బ, వెళ్ళండి మాస్టారూ" అని విసుక్కున్నా సరే. మాట వినపడ్డాక గ్లాసు తీసుకుని తన కుర్చీలోకి వెళ్ళిపోయేవారు. కళ్ళు మూసుకుని ఆరో ఎత్తుదాకా లెక్క వేసుకుంటూ పోయినవాడికి ఆ గ్లాసు చప్పుడుతో అంతా చెదిరిపోయేది. పోటీలు జరిగేటప్పుడు ఇలా చేయకూడదని పై ఊళ్ళ నుంచి తీర్పు చెప్పడానికి వచ్చిన ఆర్బిటర్లు ఆయనతో తగువు పడ్డారు. ఒకాయన కాగితం మీద ఫిర్యాదు కూడా రాసిచ్చాడు. మాస్టారు ఆ కాగితాన్ని శ్రద్ధగా చదివి, మడిచి జేబులో పెట్టుకుని, రాసిచ్చిన ఆయనకే ఓ గ్లాసు నీళ్ళిచ్చారు. మేమంతా దాన్ని ముసలాయన చాదస్తం కింద కట్టేసి, ఆయన అటు తిరగ్గానే నవ్వుకునేవాళ్ళం. అలా నవ్వినవాళ్ళలో నేను ముందుండేవాణ్ణి, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

నిడదవోలులో స్టేషనుకు వెళ్ళే దారిలో ఒక సోడాల కొట్టు, దాని మీద మేడగది. అదే మా చదరంగ మండలి. కింద రోజంతా గోళీలు కీచుమంటుంటే, పైన మేం లోకాన్ని గెలుస్తున్నంత గంభీరంగా మొహాలు పెట్టుకుని కూర్చునేవాళ్ళం. మాస్టారు హైస్కూల్లో డ్రాయింగు చెప్పి రిటైరయ్యారు. డ్రాయింగు ఆయన దగ్గర ఎంతమంది నేర్చుకున్నారో తెలియదు గాని, చదరంగం మాత్రం మూడు తరాలవాళ్ళు నేర్చుకున్నారు. నేను ఇరవయ్యేళ్ళుగా ఆ మెట్లు ఎక్కుతున్నా ఆటలో అరటిపండునే. అయినా మాస్టారు నన్ను మానెయ్యనిచ్చేవారు కాదు. ఆ గదిలో ఉన్న పావుల్లో అన్నిటికన్నా పాత జత ఒకటి మాస్టారి బల్ల మీద ఉండేది. అందులో ఒక తెల్లబంటు లేదు. దాని చోట మందుసీసా బిరడా ఒకటి నిలబెట్టి ఆడేవారు. కొత్త బంటు చేయించి తెస్తామని వడ్రంగి పని తెలిసిన మావాడొకడు ఎన్నిసార్లు అన్నా ఆయన వద్దనేవారు, ఎందుకో చెప్పేవారు కాదు.

ఈ నీళ్ళ గ్లాసు సంగతీ, ఆ బిరడా సంగతీ నాకు ఒక్క రోజే తెలిశాయి. త్రిమూర్తులు ఒక ప్రశ్న అడగడం వల్ల తెలిశాయి.

త్రిమూర్తులు మండలాఫీసులో సర్వేయరు. నలభై దాటాక చదరంగం పట్టుకున్నాడు, పట్టుకున్నాక వదల్లేదు. పొలాలకు హద్దురాళ్ళు పాతించే మనిషి కాబట్టి దేనికైనా ఇది ఇక్కడిదాకా, అది అక్కడిదాకా అని తేలందే అతనికి అన్నం సయించదు. ఆ ఏడు జిల్లా పోటీల్లో చివరి ఆటదాకా వచ్చాడు. వచ్చే ఆదివారం నల్లపావులతో కూర్చోవాలి. దానికి కారో-కాన్ అనే పేరుమోసిన రక్షణను ఎంచుకుని మూడు నెలలుగా వల్లె వేస్తున్నాడు. ఆట తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. తెల్లవాడు తన రాజు ముందున్న బంటును రెండు గళ్ళు తోసుకొస్తాడు. నల్లవాడు ఎదురు దూకడు. మంత్రి పక్కనున్న శకటు ముందరి బంటును ఒక గడి, ఒక్కటంటే ఒక్క గడి జరిపి ఊరుకుంటాడు. చూడడానికి వీధి తలుపు దగ్గరగా వేసుకున్నట్టు ఉంటుంది. ఆ తర్వాత ఆట ఏ గుణానికి తిరుగుతుందన్న దాని మీద ఆటగాళ్ళలో ఎప్పటికీ తెగని వాదన ఒకటుంది. ఇది నెమ్మదైన రక్షణ అని కొందరు, కాదు చాలా పదునైనదని కొందరు.

త్రిమూర్తులు ఆ వాదన తేల్చడానికి పుస్తకాలు చాలక, ఆ రోజు పొద్దున్నే మండలి బీరువాలో పాత ఆటల కాగితాలు తిరగేశాడు. ఎత్తులు రాసుకునే అచ్చుకాగితాలు, ఎప్పటివో, అంచులు పొడిపొడిగా రాలిపోతున్నాయి. అందులోంచి ఒకటి తీసుకుని నేరుగా మాస్టారి దగ్గరికి వచ్చాడు. ఆ సమయానికి గదిలో మేం ముగ్గురమే ఉన్నాం.

"మాస్టారూ, ఇది మీ ఆటే. తెలుపు మీరు, నలుపు ఎవరో జోగారావు గారట. కారో-కాన్. ముందువైపు చూస్తే తొమ్మిది ఎత్తుల్లో బంటుకు బంటు పోవడం తప్ప మరేం జరగలేదు, ఇంత చప్పటి ఆట నేనెక్కడా చూళ్ళేదు. వెనక్కి తిప్పితే మీ దస్తూరీతో పేజీ నిండా లెక్కలు. నల్లవాడు తొమ్మిదో ఎత్తులో గుర్రాన్ని బలిస్తే ఏడు ఎత్తుల్లో తెల్లరాజు పని అయిపోయిందని తేల్చేరు. ఇంతకీ ఇది నెమ్మదైన ఆటా, పదునైన ఆటా? ఒక్క మాటలో చెప్పెయ్యండి. ఆదివారం నేను కూర్చోవాలి కదా."

మాస్టారు కాగితం అందుకున్నారు. వెనకవైపు చూడలేదు. ముందువైపు చూశారు, చాలాసేపు. నల్లపావుల వరసలో తొమ్మిదో గడి ఖాళీగా ఉంది. దాని పక్కన పెన్సిలుతో '43 ని.' అని రాసి ఉంది. అట్టడుగున ఫలితం, తెలుపు గెలిచినట్టు.

"జోగారావు గారి మీద నేను గెలిచిన ఆట ఇదొక్కటేనయ్యా," అన్నారు మాస్టారు. "కూర్చో."

ఆ తర్వాత ఆయన చెప్పినదాన్ని నాకు గుర్తున్నంతలో నా మాటల్లో చెబుతున్నాను. ఆయన ఆగిపోయిన చోట్లు చాలా ఉన్నాయి. అవి ఎలా చెప్పాలో నాకు తెలియదు.

ముప్పై ఏళ్ళ కిందట ఈ ఊళ్ళో కాటాల జోగారావు అంటే తెలియని కొట్టు ఉండేది కాదు. తక్కెళ్ళు, కాటాలు సరిచేయడం ఆయన పని. ముల్లు వెంట్రుకవాసి పక్కకు పోయినా కనిపెట్టే కన్ను. మాట మాత్రం బహు పొదుపు. ఒక మాట అడిగితే సగం మాట చెప్పేవాడు. ఏదైనా కావాలన్నా రెండుసార్లు దాటి అడిగే మనిషి కాదు, అడగడమే నామోషీ. నల్లపావులు వచ్చిన ప్రతిసారీ కారో-కానే ఆడేవాడు. ఆ బంటును ఒక గడి జరిపి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, తల వంచుకుని కూర్చుంటే ఆయన గుండుమీద వెలుగు తప్ప మొహం కనపడేది కాదు. ఒకసారి ఇలాగే ఒక ఎత్తుకు అరగంట తల ఎత్తకుండా ఆలోచించి, ఆ తర్వాత గబగబా ఆడి, రాజమండ్రి నుంచి వచ్చిన పెద్ద ఆటగాణ్ణి మట్టికరిపించాడు. ఆ అరగంట ఈ ఊళ్ళో ఓ కథయి కూర్చుంది. చూసినవాళ్ళు పదిమంది లేరు గాని చెప్పేవాళ్ళు వందమంది ఉండేవారు.

పేరయ్య మాస్టారు ఆయనతో పదకొండేళ్ళు ఆడారు. ఓడారు, లేదా డ్రా చేసుకున్నారు. ఒక్కసారీ గెలవలేదు. ఇద్దరూ మంచి స్నేహితులు, ఆదివారం ఆట అయ్యాక కలిసి నడుచుకుంటూ ఇళ్ళకు పోయేవారు. అయినా ఆ గెలవకపోవడం మాస్టారికి పంటికింద రాయిలా ఉండేది. ఆ మాట ఆయనే అన్నారు.

ఆ ఏటి మండలి పోటీల్లో చివరి ఆట వాళ్ళిద్దరికీ పడింది. ఇదే గది, ఇదే బల్ల. ఆదివారం పొద్దున్న పదింటికి మొదలు. ఒక్కొక్కరికి గంట. అప్పట్లో ముళ్ళ గడియారాలు. గంట నిండే ముందు పెద్దముల్లు ఒక చిన్న ఎర్రజెండాను పైకి లేపుతుంది, గంట నిండగానే అది కింద పడుతుంది. పడితే ఆట పోయినట్టే. అయితే పడిందన్న సంగతి ఎదుటి ఆటగాడే నోటితో చెప్పాలి, చూసేవాళ్ళు చెప్పకూడదు, ఆర్బిటరు కూడా చెప్పకూడదు. అలాగే ఎదుటివాడి గడియారం నడుస్తుండగా అతనితో మాట్లాడకూడదు. ఇవి మాకు తల్లిపాలతో వచ్చిన నియమాలు. వీటిని తప్పినవాణ్ణి మేం మనిషిగా కూడా చూసేవాళ్ళం కాదు.

మాస్టారు ఆ రోజు అన్నిటికన్నా జాగ్రత్తైన దారి పట్టారు. మధ్యలో బంటుకు బంటు మార్చేసుకుని, పావులన్నీ వెనకాల పొందిగ్గా సర్దుకున్నారు. జోగారావు గారు చంపిన తెల్లబంటు ఒకటి ఆయన ఎడమచేతి పక్కన బల్ల మీద నిలబడి ఉంది. మాస్టారు తొమ్మిదో ఎత్తు వేసి గడియారం నొక్కారు. అప్పటికి జోగారావు గారు వాడుకున్నది పదిహేడు నిమిషాలు. వేయాల్సిన ఎత్తు కూడా కష్టమైనదేం కాదు, ఎవరైనా వేసేదే. ఆయన తల వంచుకున్నాడు.

అయిదు నిమిషాలు గడిచాయి, పది గడిచాయి. వెనకాల నిలబడ్డవాళ్ళు ఒకరి చేయి ఒకరు గిల్లుకున్నారు. మళ్ళీ ఆ అరగంట వచ్చిందన్నమాట! పక్కబల్లల మీద ఆటలు ఆపుకుని మరీ వచ్చి చూశారు. అందరూ బల్లనే చూశారు. మాస్టారూ బల్లనే చూశారు. ఇంత చప్పటి చోట ఈయనకు ఏం కనపడుతోందని ఆయనకు చెమటలు పట్టాయి. తన రాజు చుట్టూ ఉన్న ప్రతి గడీ వెతికారు. వెతగ్గా వెతగ్గా ఒక దారి కనపడింది. నల్లగుర్రం వచ్చి తలపెట్టి చస్తే, దాని వెనక మంత్రికీ శకటుకూ తలుపు తెరుచుకుంటుంది. ఆ తర్వాత తెల్లరాజుకు ఎటూ దారి లేదు. ఓహో, ఈయన చూస్తున్నది ఇదీ! భయంతో పాటు గొప్ప సంతోషం కూడా కలిగిందట, అంత అందమైన ఎత్తు తన కళ్ళకు కూడా ఆనినందుకు.

అప్పుడే టక్కుమని చప్పుడయింది. జోగారావు గారి ఎడమచేయి తగిలి ఆ తెల్లబంటు కింద పడింది. మాస్టారు వంగి, చప్పుడు కాకుండా తీసి, మళ్ళీ ఆయన చేతి పక్కనే నిలబెట్టారు. మొహం వైపు చూడలేదు. ఆలోచనలో ఉన్నవాడి మొహంలోకి చూడడం మర్యాద కాదని ఆయన నమ్మకం. కాసేపటికి ఆ బంటు మళ్ళీ పడింది. మాస్టారు మళ్ళీ తీసి నిలబెట్టారు. వెనకనున్నవాళ్ళలో ఎవరో మెచ్చుకోలుగా తలాడించారు, ఆటగాడంటే ఇలా ఉండాలని. మాస్టారికీ తన మీద తనకు కాస్త గౌరవం కలిగింది. మూడోసారి పడలేదు.

గడియారంలో జెండా లేవడం మొదలైంది. ఇక్కడ మాస్టారు ఆ కాగితాన్ని త్రిమూర్తులుకు తిరిగిచ్చేశారు. ఇక చెప్పరేమో అనుకున్నాను.

"అప్పటికి నాకు గుర్రం మీద భయం పోయిందయ్యా," అన్నారు చివరికి. "ఇంకో నాలుగు నిమిషాలు ఈయన తల ఎత్తకుండా ఉంటే చాలునని కోరుకున్నాను. దేవుడికి దణ్ణం కూడా పెట్టుకున్నాను."

ఆయన తల ఎత్తలేదు. జెండా పడింది. నలభై మూడు నిమిషాల తర్వాత ఆ బల్ల దగ్గర మొదటి మాట మాస్టారే మాట్లాడారు. "జెండా పడింది జోగారావు గారూ," అన్నారు. గొంతులో సంతోషం దాగలేదట. చేయి కలపడానికి కుడిచేయి చాపారు. అటునుంచి చేయి రాలేదు. ఓడినందుకు కష్టపెట్టుకున్నారేమో అనుకుని మాస్టారు వంగి, అప్పుడు, మొట్టమొదటిసారి, ఆయన మొహం చూశారు. మూతి ఒక పక్కకు జారిపోయి ఉంది. ఎత్తులు రాసుకునే కాగితం మీద చొంగ కారి సిరా అలికేసింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, నీళ్ళు నిండి ఉన్నాయి.

నలుగురు కలిసి కుర్చీతో సహా మెట్లు దింపి ఆసుపత్రికి తీసుకుపోయారు. కుడిపక్క పూర్తిగా పడిపోయిందనీ, మాట పోయిందనీ డాక్టరు చెప్పాడు. వెంటనే తెస్తే కొంతైనా దక్కేదేమోనని, ఆయన మామూలుగా అన్న మాట, మాస్టారు విన్నారు. ఆ సాయంత్రం ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని మాస్టారు ఏం చేశారో తెలుసా? తన ఆట కాగితం వెనక్కి తిప్పి, ఆ గుర్రం బలి లెక్కంతా మరిచిపోకముందే రాసిపెట్టుకున్నారు. కోలుకున్నాక జోగారావు గారిని అడగాలి కదా, మీరు చూసింది ఇదేనా అని! దాన్ని ఆయన మాతో దాచకుండా చెప్పారు. నాకు ఆ క్షణంలో ఆయన మీద కోపం వచ్చింది. వెంటనే నేనైతే ఏం చేసి ఉండేవాణ్ణని తోచి ఆ కోపం నామీదికే తిరిగింది. మండలికి తిరిగొచ్చి పావులు సర్దుతుంటే ఒక తెల్లబంటు తక్కువైంది. బల్ల కింద, మెట్ల మీద వెతికారు, దొరకలేదు.

నెలన్నర తర్వాత జోగారావు గారిని ఇంటికి తెచ్చారని తెలిసి మాస్టారు చదరంగం బల్లా ఆ కాగితమూ చంకన పెట్టుకుని వెళ్ళారు. జోగారావు గారు వీధిగదిలో మంచం మీద దిండ్లకు ఆని కూర్చుని ఉన్నారు. మంచం పక్కన చిన్న ముక్కాలిపీట, దాని మీద మండలిలో పోయిన తెల్లబంటు. ఆయన భార్య వరహాలమ్మ గారు మాస్టారిని చూసి ఎంతో సంతోషించారు. "మీరొస్తే ఈయన ప్రాణం లేచొచ్చిందండి అన్నయ్యగారూ, కూర్చోండి," అని కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళారు. మాస్టారు పావులు పేర్చి, ఆ రోజు ఆట ఆగిన చోటికి తెచ్చి, నల్లగుర్రాన్ని బలిచ్చి, ఒక్కొక్క ఎత్తూ వేసి చూపించారు. "ఇదేనా మీరు చూసింది?" అని అడిగారు. జోగారావు గారు బల్ల వంక చూశారు. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. అంత అందమైన ఎత్తును ఆ కళ్ళు అప్పుడే మొదటిసారి చూస్తున్నాయని మాస్టారికి అర్థమైంది. ఆ నలభై మూడు నిమిషాల్లో దాన్ని చూసింది తనొక్కడే.

అంతలో జోగారావు గారి ఎడమచేయి మెల్లిగా పీట మీదికి పాకి, బంటును నెట్టింది. అది టక్కుమని కింద పడింది. మాస్టారు ఆలోచించకుండానే వంగి, తీసి, మళ్ళీ పీట మీద నిలబెట్టారు. లోపలి నుంచి వరహాలమ్మ గారు చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చారు.

"పిలిచేరా?" అన్నారు భర్తతో.

"లేదమ్మా, చేయి తగిలి బంటు పడింది," అన్నారు మాస్టారు.

"అదేనండి అన్నయ్యగారూ ఆయన పిలుపు," అన్నారు ఆమె, గ్లాసులో నీళ్ళు వంచి చెంచాతో ఆయన నోట్లో పోస్తూ. "ఆసుపత్రికి వెళ్ళేటప్పుడే ఇది ఎడమ గుప్పిట్లో ఉంది, ఎంతమంది పట్టినా వదల్లేదు. ఏం కావాలన్నా దీన్ని కింద పడేస్తారు. ఒక్కొక్కప్పుడు పెరట్లో ఉంటాను, నాకు వినపడదు. అప్పుడు రెండోసారి పడేస్తారు. అంతే. రెండుసార్లు దాటి పిలవరు, ఆయన నైజం మీకు తెలియందేం ఉంది? ఇంక దాన్ని గుప్పిట్లో పెట్టుకుని, తల వంచుకుని కూర్చుంటారు. వచ్చి చూస్తే కళ్ళనిండా నీళ్ళుంటాయి."

ఆమెకేం తెలుసు, తనేం చెబుతోందో. జోగారావు గారు మాస్టారి వంక చూస్తున్నారు. మాస్టారు ఆమెతో చెప్పేద్దామని మూడుసార్లు నోరు తెరిచారు, మూడుసార్లూ మాట రాలేదు. కాఫీ చల్లారిపోయింది. చివరికి జోగారావు గారే ఆ బంటును ఎడమచేత్తో తీసి, చదరంగం బల్ల మీద కాదు, మాస్టారి అరచేతిలో పెట్టి, మళ్ళీ తీసుకుని పీట మీద నిలబెట్టుకున్నారు. క్షమించానని చెప్పారో, మళ్ళీ పడేస్తాను చూసుకోమని చెప్పారో తెలియలేదని మాస్టారు అన్నారు. నాకైతే రెండూ ఒకటే అనిపిస్తుంది.

ఆ తర్వాత పధ్నాలుగు నెలలు ప్రతి ఆదివారం మాస్టారు ఆ ఇంటికి వెళ్ళారు. బల్ల పట్టుకెళ్ళలేదు. మంచానికి ఎదురుగా కూర్చుని ఆయన మొహం చూస్తూ ఉండేవారు. బంటు పడకముందే నీళ్ళు అందించడం నేర్చుకున్నారు. ఒక ఆదివారం వెళ్ళేసరికి వీధిలో జనం ఉన్నారు. వరహాలమ్మ గారు ఆ బంటును ఆయన ఎడమ గుప్పిట్లోనే పెట్టి వేళ్ళు మూశారు. గోదారి దాకా ఎవరూ విప్పబోలేదు.

"ఆ రోజు ఈ బల్ల దగ్గర ఆయనకు ఏం కావాల్సి వచ్చిందో నాకు తెలియదు," అన్నారు మాస్టారు. "నీళ్ళే అనుకుంటున్నాను. రెండుసార్లు పిలిచేడు. రెండుసార్లూ బంటును నిలబెట్టేను."

కింద కొట్టులో సోడా కొట్టిన చప్పుడు వచ్చింది, ఎవరో నవ్వారు. మాస్టారి వంక చూడలేక బల్ల మీదున్న పావుల వంక చూశాను. తెల్లబంట్ల వరసలో ఆ బిరడా నిలబడి ఉంది. దాన్ని ఎన్నిసార్లు వేళాకోళం చేశానో గుర్తొచ్చి తల దించుకున్నాను. త్రిమూర్తులు ఆ కాగితాన్ని మోకాళ్ళ మీద పెట్టుకుని, ఖాళీగా ఉన్న ఆ తొమ్మిదో గడి మీద వేలు ఉంచి కూర్చున్నాడు. అడిగిన ప్రశ్న అతనికి గుర్తుందో లేదో తెలియదు. నెమ్మదో, పదునో, మాస్టారు ఇంకా చెప్పనే లేదు. అడుగుతాడేమోనని నేను ఎదురు చూశాను. అతను తల ఎత్తలేదు. పావుగంట అయి ఉంటుంది.

మాస్టారు లేచారు. మూలనున్న కూజా దగ్గరికి వెళ్ళి, స్టీలు గ్లాసులో నీళ్ళు వంపుకుని వచ్చి, త్రిమూర్తులు మోచేతి పక్కన పెట్టి, ఒంగి అతని మొహంలోకి చూశారు.

"ముందీ నీళ్ళు తాగవయ్యా," అన్నారు. "నువ్వు మాట్లాడి చాలాసేపయింది."